మూడో ఫొటోలో మరక

యాప్రాల్‌లో, పొద్దున ఆరూ నలభైకి, మూడంతస్తుల మేడ మీంచి దేవానందం కింద పడ్డాడు. ప్రాణం అక్కడే పోయింది.

రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన మనిషి. రోజూ తెల్లవారగానే మేడెక్కి, బైనాక్యులర్‌తో చెరువు మీది పక్షుల్ని చూడటం అలవాటు. ఆ రోజు బైనాక్యులర్ పిట్టగోడ మీదే ఉంది. మనిషే లేడు.

ఏడూ పదికి కానిస్టేబుల్ తాతారావు వచ్చాడు. ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాడు. కాలు జారిందని రాసుకున్నాడు. బైనాక్యులర్ తీసి ఇంటావిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు ఆవిడ, జ్ఞానమణి, స్టేషన్‌కొచ్చి ఇన్‌స్పెక్టర్ తుకారాం ఎదుట నిలబడింది.

"మా ఆయన దూకేశారంటున్నారు బాబూ. చర్చిలో కూడా గుసగుసలే. ఆయన అలాంటి మనిషి కాదు. అదొక్కటీ తేల్చండి, ఇంకేమీ అడగను."

తుకారాం ఫొటోలు పెద్దవి చేసి చూశాడు. మూడో దాని దగ్గర ఆగిపోయాడు. బైనాక్యులర్ ముందు అద్దం మీద బొటనవేలి మరక. జిడ్డుగా, స్పష్టంగా.

"మీ ఆయన లెన్స్ మీద వేలు పెడ్తుండెనా అమ్మా?"

"అయ్యో! ప్రాణం పోయినా పెట్టరు."

బైనాక్యులర్ ఆ రోజే ల్యాబ్‌కు వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పోలీసులకు కొత్త కాదు. రిపోర్ట్ వచ్చింది. బైనాక్యులర్ ఒంటికున్న గరుకు రబ్బరు మీద వేలిముద్రలు పడలేదు. లెన్సులు శుభ్రం, మరక లేదు.

తుకారాం భూతద్దం పెట్టి చూశాడు. ఒక్క గీత లేదు. చొక్కా అంచుతో తుడిస్తే దుమ్ము గీసుకుని గీతలు పడాలి. ఇది పని తెలిసిన చెయ్యి. ఎవరి చెయ్యో అతనికి అర్థమైంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి పక్క సైట్ బిల్డర్ జయకృష్ణను జ్ఞానమణి ఇంటికే పిలిపించాడు. అతని లారీలు చెరువులో మట్టి పోస్తుంటే మేడ మీంచి చూసి, దేవానందం రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చాడు.

"ఆ రోజు పొద్దున ఆరూ నలభైకి ఎక్కడున్నరు?"

"సైట్‌లో."

"సాక్షులు?"

"మా పనివాళ్ళు పదిమంది."

"ఈ మేడ ఎక్కిన్రా?"

"ఎప్పుడూ లేదు."

తుకారాం ఆవిడ వైపు చూశాడు. నిజం చెబితే దేవానందం దూకలేదని తేలుతుంది. చెబితే ఆ మరక ఏమైందో కూడా తేలుతుంది. ఒకటి దాచి ఇంకోటి చెప్పే దారి లేదు. అయినా ఆవిడ అడిగింది ఆ ఒక్కటే.

"చూసేటోని వేళ్ళు వెనకుంటయి," అన్నాడు, ఫొటో బల్ల మీద పెట్టి. "ముందు అద్దం మీద బొటనవేలు పడ్డదంటే, ఎదురుంగ నిలబడి గుంజుకున్నోడిదే. గుంజుకున్నడు, ఆయనను నూకిండు, దీన్ని గోడ మీద పెట్టి పోయిండు."

జయకృష్ణ ముఖం పాలిపోయింది. ఫొటో దగ్గరికి తీసుకుని చూశాక మళ్ళీ రంగు వచ్చింది.

"ఇందులో వేలి గీతలు కనబడటం లేదు కదండీ. నా వేలేనని ఎలా చెబుతారు? అసలు అద్దం మీద చూడండి."

తుకారాం ఫొటో తిరిగి తీసుకున్నాడు.

"అంటే, ఆయన దూకలేదు," అంది జ్ఞానమణి.

"లేదమ్మా."

ఆవిడ ముఖంలోకి వెలుగు వచ్చింది. అంతలోనే ఆరిపోయింది.

"ఆ మరక... నేనే తుడిచాను బాబూ. శవపెట్టె పక్కన పెడదామని. ముందు రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదాను. మెత్తటి బ్రష్‌తో దులిపాను. టిష్యూ మీద రెండు చుక్కలు అద్దాలు తుడిచే మందేసి, మధ్యలోంచి అంచుకి... వేలి జిడ్డు ఉండిపోతే అద్దం పైపూతను తినేస్తుందనేవారు ఆయన."

"నేను వెళ్ళొచ్చా సార్?" జయకృష్ణ లేచాడు.

ఆపడానికి తుకారాం దగ్గర ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత చేతకానివాడిగా ఎన్నడూ అనిపించలేదు. బయట కారు స్టార్టయి వెళ్ళిపోయింది.

"నలభై ఏళ్ళు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను బాబూ," అంది జ్ఞానమణి. "ఒక్కసారీ నా చేతికివ్వలేదు. ఇదే మొదటిసారి."