డాక్టర్ బాబూరావు స్పాంజి ముక్క

శనివారం ఉదయం పదకొండు గంటలకు, నరసరావుపేటలోని అద్దె ప్రయోగశాలలో హాజరైనవారు, హోదా క్రమంలో: విభాగాధిపతి అమరేశ్వరరావు; ఏజెంట్ ఖలందర్; ఏజెంట్ నిరోష; గదులు ఊడ్చి కడిగే మార్తమ్మ. ఐదవవారు శాస్త్రవేత్త డాక్టర్ బాబూరావు. హోదాను బట్టి ఆయన పేరే ముందు ఉండవలసినది. అయితే ఆయన నేల మీద, దుప్పటి కింద ఉన్నారు. గుండెలో తూటా దిగి మూడు గంటలైంది.

ఖలందర్ ఆ దుప్పటి వైపు చూడలేకపోయాడు. కాపలాకు ఎనిమిది గంటలకు రావలసినవాడు ఎనిమిదింబావుకు వచ్చాడు. ఆ పావుగంటే చాలింది.

"నోటుబుక్కులు తగలబెట్టారు, కంప్యూటరు పగలగొట్టారు," అన్నాడు అమరేశ్వరరావు. "మిగిలింది ఇదొక్కటే."

బల్ల మీద స్టీలు డబ్బా. అందులో అరచేతి వెడల్పు స్పాంజి ముక్క. పల్నాటి సున్నాన్నీ పత్తిగింజల నూనెనూ కలిపి బాబూరావు కనిపెట్టిన పూత దాని ప్రతి రంధ్రంలోనూ ఉంది. అది నీటిని దగ్గరకు రానీయదు. నూనెను మాత్రం తాగుతుంది. నడిసముద్రంలో ట్యాంకరు పగిలితే, నీటి మీది చమురంతా దీనితో ఎత్తి పిండుకోవచ్చు.

"హంతకుడి కంట ఎందుకు పడలేదు?" అంది నిరోష. ఈ హత్య చేయించిన విదేశీ ముఠాలో ఆమె రెండేళ్లుగా విభాగం తరఫున డబుల్ ఏజెంట్. ఆమె పట్టుచీర మడత నలగగా చూసినవారు డిపార్ట్‌మెంటులో లేరు.

"పెరట్లో నా కాడుందమ్మా," అంది మార్తమ్మ, తల ఎత్తకుండా.

"ఖలందర్, హైదరాబాదు ల్యాబుకు చేర్చు. నిరోష కారు నడుపుతుంది," అన్నాడు అమరేశ్వరరావు.

ఖలందర్ సున్నం బస్తాల వ్యాపారి వేషం వేశాడు. జేబులో పెన్ను, మూత తిప్పితే అమరేశ్వరరావు జీపుకు సిగ్నల్ అందుతుంది. బయలుదేరే ముందు మార్తమ్మకు తన నంబరు ఇచ్చి, "ఏదన్నా గుర్తొస్తే చెయ్ పిన్నీ," అన్నాడు.

పిడుగురాళ్ల దాపుకు వచ్చేసరికి ఫోను మోగింది.

"బాబూ, పెద్దోళ్ల ముందు నోరు రాలా. రేపు ఆదివారం గదా. శనివారం పొద్దున్నే అన్నీ కడగందే మాకు గుడికి పోబుద్ధి కాదు. ఆ స్పాంజి జిడ్డోడతా ఉంటే పంపు కాడికి తీసకపొయ్యా. సబ్బుపొడిలో నానేసి రెండు దఫాలు పిండా. అప్పటికి అయ్యగారు పోయారని నాకేం తెలుసయ్యా?"

ఖలందర్‌కు లెక్క తేలింది. హంతకుడు ముందుగది వెతుకుతున్నంతసేపూ ముక్క పెరట్లో బకెట్లో నానుతున్నదన్నమాట. దొరకకుండా కాపాడిందీ ఆ సబ్బునీళ్లే, గుణం పోగొట్టిందీ ఆ సబ్బునీళ్లే.

"చెడిపోయిందా బాబూ?"

"ఏం కాలేదులే పిన్నీ," అని ఫోను పెట్టేశాడు.

అయినా ఒక ఆశ ఉంది. గుణం పోయినా పూత ఆనవాళ్లు ఉంటాయి. మంచి ల్యాబు వాటిని చదవగలదు. మనదైనా, వాళ్లదైనా.

కారు హైవే దిగింది.

"ఇటెందుకు?"

"ఇటే," అంది నిరోష. ఆమె ఎడమచేతిలో పిస్తోలు ఉంది. ఖలందర్ పెన్ను మూత తిప్పాడు. జీపు ఎంత వెనుక ఉన్నదో అతనికి తెలియదు.

సున్నపు బట్టీ మీద పొగ. సిమెంటు ఇంజనీరు హెల్మెట్ పెట్టుకున్న విదేశీయుడొకడు నిలబడి ఉన్నాడు. పక్కనే స్టార్ట్ చేసిన మోటార్ సైకిలు.

"రాయి కాలిందా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"కాలింది, చల్లారలేదు," అంది నిరోష. కోడ్ సరిపోయింది. డబ్బా చేతులు మారింది.

ఆ బండి కదిలితే అంతా ముగిసినట్లే. ఖలందర్ పగలబడి నవ్వాడు.

"ఏందే నిరోషా, కడుపు చేత్తో చూడకుండానే కానుపు చేస్తున్నావే! బాబూరావు గారు అసలు ముక్కను బల్ల మీద పారేసుకునేటంత ఎర్రిబాగులోడా? ఒక్కసారి నీళ్లలో ఏసి చూడమను మీ దొరని!"

"నమ్మకండి! కాలయాపన!" అంది నిరోష.

విదేశీయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. రెండేళ్లు రెండు పక్షాలకూ పని చేసిన మనిషి మాటకు ఉండవలసిన విలువే ఆ మాటకూ ఉంది. బట్టీ కూలీల నీళ్ల బకెట్టులో డీజిలు ఒలికించి, ముక్కను వదిలాడు.

తేలలేదు. నీళ్లూ డీజిలూ తేడా లేకుండా తాగి, బుడుంగున అడుగుకు దిగింది.

"అంట్లు తోముకునేది!" అన్నాడు ఖలందర్, నవ్వు ఆపకుండా.

విదేశీయుడు బకెట్టులో చేయి పెట్టి, ముక్కను తీసి, నిరోష ముఖం మీద నీళ్లు చిందేలా పిండి, బట్టీ నోట్లోకి విసిరాడు. నీలిమంట ఒక్కసారి లేచింది. అంతే.

రెండు నిమిషాల తరువాత జీపు వచ్చింది. పారిపోయే లోపే నిరోషకూ విదేశీయుడికీ బేడీలు పడ్డాయి. అమరేశ్వరరావు చేయి చాచాడు. "ముక్క ఏదీ?"

ఖలందర్ పొగ వైపు చూపించాడు. మనిషి పోయాడు, రాత పోయింది, వస్తువూ పోయింది. శత్రువుకు చిక్కలేదన్న ఒక్క మాట, నోట్లో సున్నంలా మండుతూ మిగిలింది.

సోమవారం నాడు విభాగపు రికార్డులో ఈ విధంగా నమోదు చేయడమైనది: "ప్రయోగశాల పరిశుభ్రత సిబ్బంది శ్రీమతి మార్తమ్మ గారు శనివారం ఉదయం తమ విధిని లోపం లేకుండా నిర్వర్తించి, ఒక జాతీయ రహస్యం పరాయి దేశానికి చేరకుండా కాపాడిన విషయాన్ని ఈ విభాగం కృతజ్ఞతాపూర్వకంగా గుర్తిస్తున్నది. కాపాడబడిన రహస్యం ఏమిటో తెలిసినవారు ఎవరూ మిగలనందున, ఆ గడిని ఖాళీగా ఉంచడమైనది."