తెల్ల పడవకు అంటిన మరక

బుధవారం ఉదయం 7:20.

పడవ నిన్న సాయంత్రమే జెట్టీకి వచ్చి చేరింది. దాన్ని నడిపే సరంగు మాత్రం రాలేదు.

ఆదివారం రంగు వేసిన తెల్లటి పడవ. ఇప్పుడు నీటి అంచుకు జానెడు పైదాకా ఎర్రగోధుమ మరక. 'రక్తం' అన్న మాట జెట్టీ మీద ఎవరూ పైకి అనడం లేదు. అందరి కళ్లూ అదే అంటున్నాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి మరకను వేలితో రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు.

"ఎప్పుడు బయల్దేరారు?"

"సోమవారం పొద్దున ఐదింటికి మేడం. అన్నయ్యా, నేనూ." అన్నాడు సరంగు తమ్ముడు.

"ఆయన ఎప్పుడు పడిపోయాడు?"

"తొమ్మిదింటికి. పెద్ద అల కొట్టింది. తిరిగి చూస్తే మనిషి లేడు."

"నువ్వు తిరిగొచ్చింది?"

"నిన్న సాయంత్రం. అప్పటిదాకా సముద్రంలోనే వెతికాను."

కోస్ట్ గార్డ్ బోట్లు సరంగును వెతకడానికి తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్లాయి.

సరంగు భార్య మరిది ముఖం చూడటం లేదు. "నీళ్లలో పడ్డవాడి రక్తం పడవకెలా అంటింది? అడగండి మేడం."

"వదినా, నోటికొచ్చినట్టు మాట్లాడకు!"

మరకను గీకి ల్యాబ్‌కి పంపారు. 10:45కి ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి ఫోన్. మనిషిదీ కాదు, చేపదీ కాదు. అసలు రక్తమే కాదు.

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. "విన్నావా వదినా? మేడం, ఇక పడవ ఇచ్చేయండి. కడిగి మళ్లీ రంగేయిస్తాను."

ఆ తొందర ఇన్‌స్పెక్టర్‌ని ముల్లులా గుచ్చింది. అన్న శవమైనా దొరకలేదు, ఇతనికి రంగు ధ్యాస.

పడవ ఇంజన్ మెకానిక్‌ని పక్కకి పిలిచింది. అందరూ అతన్ని గ్రీజు అంటారు.

"ఇలాంటి మరక ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడం. ఎన్నో ఏళ్లుగా సముద్రంలో తిరుగుతున్న పడవ. ఇలా ఎప్పుడూ కాలేదు."

"అన్నదమ్ములకి పడదా?"

గ్రీజు తటపటాయించాడు. "ఈ సీజన్ నుంచి స్టీరింగ్ నాకిస్తానన్నాడు సరంగు. తమ్ముడికది మింగుడుపడలేదు."

11:30. ముగ్గుర్నీ పడవ దగ్గరికి పిలిచింది. టీ కొట్టు నుంచి తెప్పించిన నిమ్మచెక్కను మరక మీద పిండి, గుడ్డతో రుద్దింది. కాసేపటికి గుడ్డ కింద తెలుపు బయటపడింది.

"రక్తమా కాదా అని కొట్టుకున్నాం. మరక ఆకారం ఎవరమూ చూడలేదు. రక్తమైతే కిందికి కారుతుంది. ఇది పడవ చుట్టూ ఒకే ఎత్తులో, దారం పట్టి గీసినట్టుంది. నీళ్లు వేసిన మరక. సముద్రం ఇలాంటి మరక వేయదు. మడ అడవి కాలువలో ఆకులూ బెరడూ నాని నీళ్లు టీ డికాక్షన్‌లా ఉంటాయి. ఇంత ముదరాలంటే పడవ అక్కడ రోజుకు పైగా కదలకుండా ఆగి ఉండాలి." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు సముద్రంలోకే వెళ్లలేదు. మీ అన్న ఎక్కడ?"

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చుక్కానికి కర్ర కావాలని అన్నయ్యే మడ అడవికి తీసుకెళ్లాడు. చెట్టు నరుకుతుంటే కాలి మీద పడింది. సాయం తెస్తానని బయల్దేరాను. మలుపు తిరిగి... అక్కడే ఆగిపోయాను. నేనేం చేయలేదు మేడం, ఒట్టు!"

"అవును. ఏమీ చేయలేదు."

సరంగు భార్య మరిది చొక్కా పట్టుకుంది. "నువ్వొచ్చేటప్పటికి బతికే ఉన్నాడా?"

తమ్ముడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"నిన్న మధ్యాహ్నం దాకా పిలుస్తూనే ఉన్నాడు వదినా."

మధ్యాహ్నం 1:05కి, మడ కాలువలో మలుపు అవతల గ్రీజు మొదట చూశాడు. దుంగ కింద కాలు, బురదలో నడుం దాకా మనిషి. పెదాలు పగిలిపోయాయి. కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మెడ మీద వేలు పెట్టింది. నాడి ఉంది.

కానిస్టేబుళ్లు దుంగను కోస్తుంటే భార్య అతని నోట్లో నీళ్లు పోసింది. సరంగు కళ్లు తెరిచాడు. అందరి ముఖాల్లోనూ ఒక ముఖం కోసం వెతికాడు.

"తమ్ముడేడీ? సాయం కోసం వెళ్లాడు... ఇంకా రాలేదు. వాడికేమైనా అయిందా?"

ఇన్‌స్పెక్టర్ తల తిప్పుకుంది.

"బాగానే ఉన్నాడు," అంది భార్య, అతని ముఖం మీది బురద తుడుస్తూ. "ముందు మీరు నీళ్లు తాగండి."