పదిహేడో నంబరు గోడ

మంగలి కుర్చీలో కూర్చున్న మనిషికి గడ్డం సగమే గీశారు. ప్రాణం మాత్రం పూర్తిగా తీశారు.

టైం ఉదయం ఏడున్నర. మంగలి వేడినీళ్ళ కోసం వెనక గదిలోకి వెళ్ళి వచ్చేలోపు పని అయిపోయింది. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క, అంతే. చచ్చిపోయినవాడు 'కొలిమి' అనే విదేశీ ముఠాలో మూడేళ్ళుగా దూరి ఉన్న మన ఏజెంటు. చివరి క్షణంలో ఒళ్ళో ఉన్న పేపరు అంచున మూడు మాటలు గీకాడు. గోడ. పదకొండు. మంట.

ఎనిమిదింటికల్లా ఆ పేపరు సీక్రెట్ సర్వీస్ చీఫ్ టేబుల్ మీద ఉంది. ఎదురుగా ఏజెంట్ నీడ. చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాంలా ఉంటుంది. టార్గెట్, రైల్వే యార్డు పక్కనున్న కొత్త బిల్డింగు. మొత్తం ఇరవై నాలుగు ఇళ్ళు. నలభై రోజుల్లో ఫ్యాక్టరీలో తయారై, ఆరు రోజుల్లో క్రేనుతో ఒకదానిమీద ఒకటి పేర్చినవి. గోడల్లో సిమెంటు లేదు, అదిమి గట్టిపరిచిన గడ్డి పలకలున్నాయి. కరెంటు పైకప్పు మీద సోలార్ ప్యానెల్స్ ఇస్తాయి. కట్టడంలోనూ, కాపురంలోనూ కలిపి లెక్క వేస్తే కార్బన్ సున్నా. పైగా బస్సు కండక్టరు కూడా కొనుక్కోగలిగే ఇల్లు.

ముఠా కడుపుమంటంతా అక్కడే. ఇవాళ పదకొండింటికి ప్రారంభోత్సవం. తొమ్మిది నగరాల ప్రతినిధులు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే తొమ్మిది నగరాల్లోనూ ఇవే లేస్తాయి. అదే వాళ్ళ కళ్ళముందు తగలబడిపోతే? గడ్డి ఇల్లు కదా, కాలక చస్తుందా అని లోకమంతా నవ్వుతుంది. నిజానికి ఆ పలకలు నిప్పు పెట్టినా పైపైన మసిబారి ఊరుకుంటాయి. ఆ మాట వినేదెవరు? గుడిసెలో ఉన్నవాడు గుడిసెలోనే ఉండాలని కొందరికి ఎంత పట్టుదలో.

లోపల మన డబుల్ ఏజెంటు ఉందని, ఇంటీరియర్ డిజైనర్ వేషంలో ఉన్న ఆవిడ పేరు నెమలి అని చెప్పి చీఫ్ ఫైలు మూశాడు. నీడ వేషం, టేపు వేసే జట్టులో హెల్పరు.

నీడ ముఖం పాలిపోయింది. ఆ జట్టు మేస్త్రీ అతని సొంత అక్క.

తొమ్మిదింపావుకి పిల్లిగడ్డం, కళ్ళద్దాలు, కుంటినడకతో సైటు గేటు దాటాడు నీడ. ఏడు దేశాల గూఢచారుల కన్నుగప్పిన వేషం అది. అక్క టేపు చుట్టలు లెక్కపెడుతూ తల కూడా ఎత్తలేదు.

"చిన్నోడా, ఆ గడ్డం తీసెయ్. నాన్నకే నప్పలేదు."

తమ్ముడు ఫ్రిజ్ స్పేర్ పార్టులు అమ్ముతాడని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి ఆవిడ. ఆ ఉద్యోగం ఊడి ఇక్కడ తేలాడనుకుంది. జాలిపడి చేతికో చుట్ట ఇచ్చి పని చెప్పింది. ఇంట్లోకి గాలి దూరే సందు ఒక్కటి కూడా ఉండకూడదు. సందుంటే చల్లదనం పోతుంది, కరెంటు వృథా అవుతుంది, సున్నా అన్న మాట అబద్ధమవుతుంది. అందుకని గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలి బయటికి లాగుతారు. ఎక్కడ చిల్లుంటే అక్కడినుంచి బయటి గాలి సన్నగా లోపలికి దూరుతుంది. మీటరు మీద వచ్చిన లీకు నంబరు తలుపు వెనక మార్కర్‌తో రాయాలి. ఇరవై నాలుగు తలుపుల వెనకా అక్క చేతిరాతే.

మూడో అంతస్తులో పదిహేడో నంబరు ఇల్లు అక్కది. పదకొండేళ్ళుగా రేకుల గదిలో, కింద వెల్డింగ్ షాపు మోతకి పిల్లల చెవుల్లో దూది కుక్కి నిద్రపుచ్చింది ఆవిడ. ఇవాళ మొదటి తాళంచెవి ఆవిడకే, కెమెరాల ముందు. తలుపు వెనక రాసుంది: 0.4. బిల్డింగు మొత్తం మీద అదే తక్కువ. సొంత ఇంటికి ఓ చుట్ట ఎక్కువ వేసుకున్నావు కదూ అని జట్టులో ఆడవాళ్ళు ఏడిపిస్తే, వేసుకున్నాను, ఏం చేస్తారని ఎదురడిగింది.

మెట్ల దగ్గర నెమలి కనిపించింది. నల్ల కళ్ళద్దాలు, నేల జీరాడే పట్టు గౌను, పది అడుగుల ముందే పలకరించే సెంటు. నీడ గొంతు తగ్గించి కోడ్ చెప్పాడు.

"ఇవాళ గాలి ఎటు వీస్తోంది మేడమ్?"

"ఎటూ లేదు. కిటికీలు మూసే ఉన్నాయి."

సరిపోయింది. మందుగుండు బేస్‌మెంటులో బ్యాటరీ గది గోడలో ఉందని ఊదేసి, వయ్యారంగా వెళ్ళిపోయింది. నీడ కబురు పంపాడు. చీఫ్ బలగమంతా బేస్‌మెంటులోకి దిగింది. గంటసేపు వెతికినా బొద్దింక కూడా దొరకలేదు. నీడ చేతికున్న, లోహం పసిగట్టే డిటెక్టర్ వాచీ పైకెళ్ళిన దగ్గర్నుంచీ ప్రతి గోడ దగ్గరా కీచుమంటూనే ఉంది. గడ్డి పలకలకి రెండువైపులా అల్యూమినియం రేకు చుట్టారు మరి. వాచీ తీసి జేబులో పడేశాడు.

పది గంటల ఇరవై నిమిషాలు. కింద నెమలి ప్రతినిధులతో నవ్వుతూ మాట్లాడుతోంది. గాలికి గౌను అంచు లేచింది. నీడ చూపు అక్కడే ఆగిపోయింది. నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా హైహీల్స్ విప్పదని జట్టులో ఆడవాళ్ళు నవ్వుకునే ఆ మనిషి కాళ్ళకి ఇవాళ పరుగు పందెం బూట్లు ఉన్నాయి.

పారిపోయే తయారీ అది. బేస్‌మెంటు కథ పచ్చి అబద్ధం. ఇప్పుడు పట్టుకోబోతే ఆ చేతిలో ఏ మీట ఉందో, అక్కడికక్కడే నొక్కేస్తుంది. లోపల ఫోను పనిచెయ్యదు గనుక బాల్కనీలోకి వెళ్ళి చీఫ్‌కి చెప్పాడు. చీఫ్ ఆర్డరు ఒక్కటే. బిల్డింగు ఖాళీ చెయ్, ఫంక్షన్ రద్దు.

నీడ అక్కని పక్కకి పిలిచి దాచకుండా అంతా చెప్పేశాడు. ఫ్రిజ్‌ల సంగతి కూడా. ఆవిడ భయపడుతుందనుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఖాళీ చేస్తే వాళ్ళకి అగ్గిపుల్ల ఖర్చు కూడా ఉండదు. భయపడి పారిపోయారని పేపర్లో వస్తే చాలు, ఈ ఇళ్ళ గొడవ ఎవరూ ఎత్తరు. వచ్చినవాళ్ళని రోడ్డు అవతల నిలబెట్టు. నేను కదలను."

"అక్కా, అది బాంబు."

"ఇది నా ఇల్లు."

జట్టులో ఆరుగురూ ఆవిడ వెనక నిలబడ్డారు. ఒక్కరు కూడా మెట్లవైపు చూడలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నీడ ఆర్డరు ధిక్కరించడం అదే మొదటిసారి. ప్రతినిధుల్ని రోడ్డు దాటించి, ఫోను ఆపేశాడు.

అక్క గోడకి ఆనుకుని ఆలోచించింది. ఇక్కడ ఫోను ఎందుకు పలకదని అడిగింది. రేకు సిగ్నల్ని ఆపేస్తుందని, వచ్చేవారం కేబులు లాగి లోపల సిగ్నల్ పెట్టె బిగిస్తారని నీడ చెప్పాడు. మరి గోడలో ఉన్న మిషనుకి బయటినుంచి కబురెలా అందుతుందని ఆవిడ రెండో ప్రశ్న. యాంటెనా వైరు బయటికి తియ్యాలన్నాడు. అలా అంటూనే అతనికి వెలిగింది. అక్కకి అంతకు ముందే వెలిగింది.

"నా గోడకి చిల్లు పెట్టారా?"

బాంబు అన్నప్పుడు లేని కోపం ఆ చిల్లుతో వచ్చింది. టచప్ పేరుతో నెమలి సొంత పెయింటర్లని రెండు రోజులు తిప్పింది మూడో అంతస్తులోనే. అక్కడ ఎనిమిది ఇళ్ళు, చేతిలో మూడు ఫ్యాన్లు. ఆడవాళ్ళు పరుగులు పెట్టారు. తలుపు వెనక నంబరు, మీటరు మీద నంబరు. మొదటి మూడిళ్ళూ సరిపోయాయి. తర్వాతి మూడింటిలో ఒకటి పదిహేడు. తలుపు మీద 0.4. మీటరు మీద 0.7.

టైం పది యాభై ఒకటి.

అక్క అరచేయి వెనకవైపు తడి చేసుకుని గోడ పొడుగునా నెమ్మదిగా జరిపింది. కిటికీ పక్కన స్విచ్‌బోర్డు దగ్గర చెయ్యి ఆగింది. ఎంతో నున్నగా పూసిన పెయింటు అంచునుంచి దారమంత గాలి వస్తోంది. నీడ కత్తితో పలక ఊడదీశాడు. గడ్డిని తొలిచి స్టీలు గొట్టం పెట్టారు. మూడు వేల డిగ్రీల మంట పుట్టించే సరుకు. రేకుకి పెట్టిన కోతని మామూలు టేపుతో, అదీ ముడతలతో అతికించారు. ఆ ముడతలు చూసి అక్క ఛీ అంది.

నీడ వంగి గొట్టాన్ని పరీక్షగా చూశాడు. గొట్టాన్ని కదిలిస్తే పేలుతుంది. వైరు కోసినా పేలుతుంది. విప్పడానికి అరగంట కావాలి, ఉన్నది ఆరు నిమిషాలు.

"కొయ్యొద్దు, కదిలించొద్దు. కబురు అందకుండా చేస్తే చాలా?" అంది అక్క.

నీడ తలూపాడు. ఆవిడ రేకు టేపు చుట్ట తీసుకుని కిటికీ ఎక్కింది. చిల్లు బయటి గోడమీద, కిటికీకి చెయ్యి చాచినంత దూరంలో ఉంది, అందులోంచి వేలెడు వైరు తొంగిచూస్తోంది. కింద రెండంతస్తుల ఖాళీ. నీడ ఆవిడ నడుముని రెండు చేతులతో చుట్టేశాడు.

"గట్టిగా పట్టుకో. నిన్ను నాలుగేళ్ళు చంకనేసుకు తిరిగాను, ఒక్కసారి కూడా పడెయ్యలేదు."

మొదటి ముక్క సరిగా అంటలేదు. గోడమీద దుమ్ముంది. ఇలాంటప్పుడు కూడా ఆవిడ కొంగుతో దుమ్ము తుడిచి, రెండో ముక్క చింపి, వైరుమీద కప్పి, బొటనవేలితో అంచులన్నీ రుద్దింది. తీరిగ్గా, ఎవరో పరీక్షకి వస్తున్నట్టు.

పదకొండు. రోడ్డు అవతల నెమలి పౌడర్ డబ్బా తెరిచింది. అద్దం కింద మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. తలెత్తి చూస్తే మూడో అంతస్తు కిటికీలో ఒక ఆడమనిషి టేపు చుట్ట చూపిస్తోంది.

బూట్లు పనికొచ్చాయి, కానీ పాతిక గజాలే. జట్టులో నలుగురు అప్పటికే కిందికి దిగి రోడ్డు అవతల కాపలా ఉన్నారు. బలగం వచ్చేసరికి నెమలి చేతులకి, కాళ్ళకి, గౌనుకి కలిపి చుట్టిన టేపులో గాలి దూరే సందు ఒక్కటి లేదు.

గొట్టాన్ని విప్పి తీసుకుపోయాక తాళంచెవి ఇవ్వబోతే అక్క తీసుకోలేదు. గోడ పూడ్చాలి, టెస్టు చెయ్యాలి అంది. తొమ్మిది నగరాల ప్రతినిధులు మెట్లమీద క్యూలో నిలబడ్డారు. నలభై నిమిషాలయ్యాక ఆవిడ తలుపు వెనక పాత నంబరు కింద కొత్తది రాసింది: 0.4. అప్పుడు చెయ్యి చాచింది.

ఆ సాయంత్రం రిపోర్టులో 'వాడిన పరికరం' అన్న చోట నీడ 'టేపు' అని రాశాడు. చీఫ్ అది కొట్టేసి 'అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానం' అని దిద్దాడు. ఆర్డరు ధిక్కరించినందుకు సంజాయిషీ అడుగుదామని పదిసార్లు ఫోను చేశాడట. ఏజెంట్ నీడ ఆ టైంలో పదిహేడో నంబరులో, కిటికీలన్నీ మూసుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.