తొంభై రోజుల ఆఫర్

ఏజెంట్ దయాసాగర్ కాపలాలో ఆ పూట రెండు వందల పైచిలుకు ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ అతని కోసం మోగదు.

గోదావరిఖని శివార్లలో ఒక భూగర్భ గని, దాని గేటు పక్కనే రేకుల గది. గది గోడ పొడవునా చెక్క అరలు, అరకో నంబరు. గనిని ఇక్కడ బావి అంటారు. లోపల గ్యాస్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని దిగే ప్రతివాడూ ఫోను, వాచీ, బీడీలు, అగ్గిపెట్టె పైనే వదిలి దిగాలి. షిఫ్టు అయ్యేదాకా వాటిని కాయడం దయాసాగర్ డ్యూటీ. అది లోకానికి కనిపించే డ్యూటీ. అసలు డ్యూటీ నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో, ఓ ఏసీ గదిలో మొదలైంది.

చీఫ్ నర్సింగం ఒక చేతి వాచీని బల్ల మీదికి తోశాడు. జోరా కంపెనీది. గుండె ఎంత కొట్టుకుందో, రాత్రి ఎంత నిద్రపోయామో చెప్పే రకం.

"దీని ధరెంత?"

"రెండు ప్లేట్ల బిర్యానీ, సర్."

"తయారు చెయ్యడానికి పది ప్లేట్లు అవుతుంది. ఇంత నష్టానికి ఎందుకమ్ముతున్నారు?"

"డేటా కోసం, సర్. అందరూ చేసే పనే."

"డేటా కోసమైతే హైదరాబాద్‌లో అమ్ముకోవచ్చు. వీళ్ళు బొగ్గు గనుల దగ్గర తప్ప ఎక్కడా అమ్మడం లేదు. కంపెనీ వెనక విదేశీ ముఠా ఉంది. ఏం చెయ్యబోతున్నారో కనుక్కో. ఆపరేషన్ ముంజేయి. అక్కడ మన మనిషి ఒకరు నిన్ను కలుస్తారు."

ఆ తర్వాత చీఫ్ తనకిష్టమైన ఉపన్యాసం అందుకున్నాడు. జనం వంకాయలు కొనాలంటే పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూస్తారట, ఫోన్లో మాత్రం నలభై పేజీల షరతుల కింద 'ఒప్పుకుంటున్నాను' అని కళ్ళు మూసుకుని నొక్కేస్తారట. ఆ నలభై పేజీలూ చదివినవాడు దేశంలో ఒక్కడు దొరికినా పిలిచి ఉద్యోగమిస్తానన్నాడు. దయాసాగర్ తనూ చదవలేదు కాబట్టి వాచీని తిప్పి తిప్పి చూశాడు.

మన ఆఫీసు వాళ్ళ తెలివి కూడా చెప్పుకోవాలి. సీక్రెట్ ట్రాన్స్‌మిటర్‌ని బీడీకట్టలో దాచి పంపారు. గని గేటు దగ్గర బీడీకట్ట! మొదటి రోజే సెక్యూరిటీ గార్డు అంజి దాన్ని లాక్కుని మురిక్కాల్వలో పారేశాడు. దేశ రహస్యాలు ఆ కాల్వలోనే కొట్టుకుపోయాయి. అప్పటినుంచీ దయాసాగర్‌కు మిగిలిన గాడ్జెట్ ఒక మామూలు ఫోను. ఆ నంబరు చీఫ్‌కీ, ఇంకొక్క మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు.

అతనిది రామకృష్ణాపూర్. గోదావరి దాటితే ఎంతో దూరం లేదు. అక్క రెజీనా అక్కడే ఉంటుంది. తమ్ముడు ఢిల్లీలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడని చర్చిలో అందరికీ చెప్పుకుంటుంది. పొరపాటున ఎవరైనా గుర్తుపడితే మిషన్ మంటగలుస్తుంది. అందుకే ఆదివారం పూట పాటలు వినబడే వీధిలోకి కూడా అతను పోడు. నాలుగు నెలల్లో అతనితో కాస్త తీరిగ్గా మాట్లాడింది జోరా వాచీ ఒక్కటే. ఎవరికీ అనుమానం రాకుండా తనూ ఒకటి కొనుక్కున్నాడు. 'ఈరోజు మీరు ఎవరితోనూ మాట్లాడలేదు. బాగున్నారా?' అని రోజూ సాయంత్రం అది అడిగేది. శత్రువు వాచీ అని తెలుసు. అయినా ఆ మాటను రెండుసార్లు చదువుకునేవాడు.

అరల్లో ఫోన్లు మోగుతూనే ఉండేవి. 'అమ్మ', 'సుందరి', 'బావ', 'చిట్టితల్లి' అని తెరల మీద పేర్లు వెలిగి ఆరిపోయేవి. అతను చూస్తూ కూర్చునేవాడు.

చీఫ్ చెప్పిన 'మన మనిషి', అతని నంబరు తెలిసిన ఆ రెండో మనిషి, సుజిత. జోరా కంపెనీ ఏరియా మేనేజర్. నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కూటర్, దగ్గరికొస్తే ఖరీదైన సెంటు వాసన. ఆమె గేటు దగ్గర ఆగితే షిఫ్టు దిగేవాళ్ళు నడక మరిచిపోయేవాళ్ళు. జీతం ముఠాది, సమాచారం మనకు. వారానికోసారి వచ్చి, "అన్నా, చల్లటి నీళ్ళు దొరుకుతయా?" అనేది. "కుండ నిన్ననే పగిలిందమ్మా," అని ఇతను అనాలి. కొత్త సంగతేదీ లేకపోతే ఆమె వెళ్ళిపోయేది. ఇంకో రెండు మాటలు మాట్లాడితే బాగుండునని ప్రతిసారీ అనిపించేది. కోడ్‌లో అంతకంటే మాటలు లేవు.

ఆ రోజు పొద్దున గేటు ఎదుట హోటల్ నడిపే మల్లక్క ఎప్పటిలాగే చాయ్ తెచ్చింది. ఆమె కొడుకు కిషన్ ఈ గనిలోనే పని చేస్తాడు, మొదటి షిఫ్టు. జోరా వాళ్ళ ఆఫర్ గురించి మల్లక్క సంబరంగా చెప్పింది. తొంభై రోజులు వాచీ ఒంటి మీదినుంచి తియ్యకుండా ఉంటే డబల్ డోర్ ఫ్రిజ్ ఇస్తారట. కిషన్‌కు రేపటితో పూర్తవుతుందట. హోటల్లో కూల్‌డ్రింకులు పెట్టుకోవచ్చు, పాలు విరగవు, ఈ ఎండాకాలం గట్టెక్కుతామంది. తానం చేసినా ఇప్పలేదు తమ్మీ, ఒక్కనాడు గూడ లెక్క తెగలేదు అని మురిసిపోయింది. దయాసాగర్ ఫోన్లు సర్దుతూ ఊ కొట్టాడు.

పన్నెండు కావస్తుండగా ఎర్ర స్కూటర్ దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. సుజిత ముఖాన కళ్ళద్దాలు లేవు. కోడ్ చెప్పలేదు.

"పొద్దుగాల అప్డేట్‌ల టైం పెట్టి పంపిన్రు. పన్నెండు గొట్టంగనే బ్యాటరీ అంటుకుంటది."

"ఎవరిది?"

"తొంభై రోజులు ఇప్పనోడు బాయిలకు గూడ తీస్కపోతడు కదా. ఆఫర్ పెట్టిందే గందుకు. ఈ బాయిల ఒక్కడు దొరికిండట. ఒక్కడు చాలు. కింద గ్యాస్ అంటుకుంటే గనులన్నీ మూతపడ్తయి, కరెంటు పోతది. ఎవడో నాకు తెల్వదు. లోపట సిగ్నల్ లేదు, దాన్ని ఆపుడు గూడ నా చేతుల లేదు."

దయాసాగర్ చేతిలోని ఫోను జారి అరలో పడింది. ఒక్కనాడు కూడా తెగలేదని పొద్దున్నే చెప్పింది మల్లక్క! గనిలో పని చేసేవాడి వాచీ రోజూ ఇక్కడ విప్పితేనే కదా లోపలికి పంపేది! గేటు దగ్గర అంజి చేతులు చూస్తాడు, జేబులు తడుముతాడు. గంబూట్లు మాత్రం విప్పించడు.

పరుగున పోయి దీపాలిచ్చే ల్యాంప్ రూంలో ఉన్న, గని కిందికి కలిపే ఫోను ఎత్తాడు. కింద పనులు చూసే ఓవర్‌మాన్ ఆగయ్య పలికాడు. కిషన్ కాలికి వాచీ ఉంది, అది కాసేపట్లో మండుతుంది, నేను సెంట్రల్ ఇంటెలిజెన్స్ మనిషినని దయాసాగర్ ఒక్క గుక్కలో చెప్పాడు. నాలుగు నెలలు ప్రాణంలా కాపాడుకున్న రహస్యం అది. ఆగయ్య పకపకా నవ్వాడు. ఫోన్లు సర్దేటోనివి, పట్టపగలే తాగినవా అని అడిగాడు.

అప్పుడు దయాసాగర్ గేటు బయటికి ఉరికి మల్లక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆమెకు దారిలోనే సంగతి చెప్పాడు. మల్లక్క ఫోనందుకుని ఆగయ్యను తమ్మీ అనలేదు, అన్నా అనలేదు, కిషన్‌ను పిలువు అంది అంతే. ఆ గొంతు విని ఆగయ్య నవ్వు ఆపేశాడు.

కిషన్ లైన్లోకి వచ్చి తన కాలికి ఏమీ లేదన్నాడు. ఉన్నదంటే ఉద్యోగం పోతుంది. పైగా ఒక్క రోజే మిగిలింది.

"బిడ్డా," అంది మల్లక్క. "నాకు ఫ్రిజ్ వద్దు. పాలు విరిగితె విరగనియ్యి. మీ నాయినను గీ బాయే తిన్నది. కాలుకున్నది ఇప్పి నీళ్ళ సంపుల పారెయ్. ఉద్యోగం పోతె నేను సాద్త నిన్ను."

అటువైపు గంబూటు లాగిన చప్పుడు, ఎవరో పరుగెత్తిన చప్పుడు. గోడ గడియారంలో రెండు ముళ్ళూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. సుజిత గుమ్మంలో నిలబడి తనకు తెలియకుండానే దయాసాగర్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

చాలాసేపటికి ఆగయ్య గొంతు వినబడింది. సంపులో నీళ్ళు కుతకుత ఉడికి పొగలొచ్చాయట. మనుషులందరూ బాగానే ఉన్నారట. మల్లక్క నేల మీద కూలబడి ఏడ్చింది. సాయంత్రం కిషన్ పైకి రాగానే చెంప పగలగొట్టి, ఆ చేత్తోనే చాయ్ ఇచ్చింది. కిషన్ ఉద్యోగం పోకుండా దయాసాగర్ చీఫ్‌తో మాట్లాడాడు.

అంతకు ముందే సుజిత వెళ్ళిపోయింది. ఇక ముఠా ఆమెను బతకనివ్వదు. తన ఫోను కూడా ఖాళీ అరలో పెట్టేసింది, జాడ తెలియకుండా.

"నీ తాన నిజంగ కుండ ఉన్నదా?" అని అడిగింది.

ఉందన్నాడు. రెండు గ్లాసులు తాగింది. ఎక్కడికని అడిగితే, "చెప్తె నువ్వు పైకి రిపోర్టు చెయ్యాలె గద," అంది. అతను ఖాళీ గ్లాసు అందుకున్నాడు. ఆమె రోడ్డు మీదికి పోయి మొదట వచ్చిన బస్సెక్కింది.

ముఠాలో ముగ్గురు ఎయిర్‌పోర్టులో దొరికారు. 'గుడ్. తర్వాత కొత్తగూడెం,' అని చీఫ్ మెసేజ్ పెట్టాడు. వాచీలన్నీ సీజ్ అయ్యాయి, దయాసాగర్‌ది కూడా. ఆ సాయంత్రం అతన్ని బాగున్నావా అని ఎవరూ అడగలేదు.

రెండో షిఫ్టు వాళ్ళు గనిలోకి దిగాక అరలు మళ్ళీ నిండాయి. అప్పుడు ఫోను మోగింది. అతను అరలన్నీ వెతికాడు. మోగుతున్నది తన జేబులోనే. ఆ నంబరు తెలిసినది ఇద్దరికే! చప్పున ఎత్తాడు.

"నమస్తే సార్. మా కంపెనీ ఫ్రిజ్ మీద స్పెషల్ ఆఫర్ నడుస్తోంది. ఒక నిమిషం మాట్లాడవచ్చా?"

ఎవరో అమ్మాయి. ఎక్కడి కాల్ సెంటరో. ఇద్దరికే తెలిసిన నంబరు అన్ని కంపెనీలకూ తెలుసన్నమాట. దయాసాగర్ పెట్టెయ్యబోయి, ఆగి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. షరతులన్నీ చదవమన్నాడు. అన్నీనా సార్ అని ఆమె తెల్లబోయింది. అన్నీ అన్నాడు. ఆమె చదివింది. మెత్తటి గొంతు. మధ్యలో ఒకసారి దగ్గు వస్తే సారీ చెప్పింది. నాలుగు నెలల్లో ఎవరూ అతనితో అంతసేపు మాట్లాడలేదు.

చివరికి ఆమె అడిగింది. "ఒప్పుకుంటున్నారా సార్?"

దయాసాగర్ మళ్ళీ మొదటినుంచి చదవమన్నాడు.