మూడో పీరియడ్ సంతకం

తబితాతో నా మొదటి పరిచయమే గొడవ. తుడిచిన నేల ఆరకముందే బూట్లతో కంప్యూటర్ ల్యాబ్‌లోకి నడిచేశాను.

"సార్, జర కింద చూసి నడవండి," అంది. మాస్కు పైన ఆ కళ్లు చూశాక నాకింక కింద చూడబుద్ధి కాలేదు.

అది స్వైన్ ఫ్లూ ఏడాది. అమీర్‌పేటలో జావా నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరక్క, మధురానగర్‌లో ఓ స్కూల్లో కంప్యూటర్ సార్‌గా చేరాను. తబితా అక్కడ ఆయా. ప్రతి పీరియడ్‌కీ బెంచీలు, తలుపు గడియలు బ్లీచింగ్ నీళ్లతో తుడవాలని ప్రిన్సిపల్ హైమవతి గారి ఆర్డరు. పదహారు గదులు, ఇద్దరే ఆయాలు. తుడిచాక తలుపుకి అంటించిన చార్టులో సంతకం పెట్టాలి.

తబితా వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఓ వానరోజు, రెండో ఆయా సీతాబాయి చూసుకుంటుందిలే అని అబద్ధమాడి ఆమెను ల్యాబ్‌లో కూర్చోబెట్టాను. పై గదులకి మూడో పీరియడ్ సంతకాలు నేనే గీకేశాను. పెద్ద హీరోననుకున్నాను.

హైమవతి గారు బెంచీ మీద వేలు పెట్టి రాస్తే సుద్దపొడి అంటింది. తప్పు నాదేనని వెంటనే ఒప్పుకున్నాను. నన్నేమీ అనలేదావిడ. ఏడాది మధ్యలో కంప్యూటర్ సార్ దొరకడుగా! తబితాకి మాత్రం బాత్రూములు కూడా అప్పగించి, ఇంకోసారైతే ఇంటికే అన్నారు.

మెట్ల దగ్గర సారీ చెప్పాను. బుద్ధిలేకుండా, ఇష్టమని కూడా అప్పుడే చెప్పేశాను.

"ఇష్టమైతే గుడ్డ పట్టుకోవాలె సార్, పెన్ను కాదు," అంది తబితా. ఆమె గొంతులో కోపం కూడా లేదు, ఒట్టి అలసట.

మర్నాడు ఏడింటికే వెళ్లి బకెట్ పట్టాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు సీతాబాయికి జ్వరమని కబురొచ్చింది. పదహారు గదులూ తబితా నెత్తినే పడ్డాయి. మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాక పక్కన నిలబడ్డాను.

కాసేపటికి లేచి, ఎడమ చేతి గ్లౌజు తీసి నాకిచ్చింది.

"నిన్ననే ఇచ్చిండ్రు, గదీ ఒక్క జతే."

నేను తుడిచిన ప్రతి బెంచీ వేలితో రాసి చూశాకే సంతకం పెట్టింది. చివరి గదిలో, పగిలిన నా కుడిచేతి వేళ్లకేసి చాలాసేపు చూసింది.

"ఆదివారం చర్చి అయినంక మా నాయనతోని మాట్లాడండి సార్," అంది మెల్లగా. "గీ చేతులు సుత చూపియ్యండి."