రెక్క మీద బొట్టు

బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. విమానాలు చేసేవాడు మాత్రం ఈశ్వరప్రసాద్ ఒక్కడే. పగలంతా గాజులకీ గొలుసులకీ అతుకులు పెట్టే చేత్తోనే, తీరిక దొరికితే పాత యుద్ధవిమానాల నమూనాలు చేసేవాడు. జానెడు రెక్కలు, చిటికెన వేలంత పైలట్. ఏ సంవత్సరంలో ఏ తీరాన ఎగిరిన విమానమో తెలుసుకుని, ఆ రంగే వెయ్యాలి. ఆ గుర్తులే పెట్టాలి. ఒక్క గీత తేడా వచ్చిందంటే ఆ వారం ప్రసాద్‌కి అన్నం సయించదు, అతన్ని భరించే నాగమల్లేశ్వరికి ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

బందరులో ఈ విద్యకి తానొక్కడే అనుకుని హాయిగా ఉన్న మనిషికి అవనిగడ్డ నుంచి దుర్గారావు తగిలాడు. అతనిది ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు. మొదట్లో “బావగారూ, ఈ గీత ఎలా తీశారండీ?” అని ఫోన్లు చేసి అడిగి నేర్చుకున్నవాడే. నిరుడు గుడివాడ పోటీలో ఫస్టు ప్రైజు ఎగరేసుకుపోయాడు. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన గోవర్ధనరావు గారు జడ్జి. ఆయన దుర్గారావు విమానాన్ని కళ్లద్దాలు సవరించుకుని మరీ చూసి, “దీనికి ఎగరడం ఒక్కటే తక్కువ” అన్నారు. ఆ మాట ఏడాదైనా ప్రసాద్ కడుపులో అరగలేదు.

ఈసారి గెలిచిన విమానాన్ని గుడివాడ హాల్లో గాజు బీరువాలో, చేసినవాడి పేరు రాసి, ఎప్పటికీ ఉంచుతారట. ప్రసాద్‌కి పిల్లల్లేరు. తన తర్వాత తన పేరు మిగిలేది ఆ బీరువాలోనే అని గట్టిగా అనుకున్నాడు. ఏడాదంతా కళ్లు పొడుచుకుని ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చేశాడు.

పోటీ రేపనగా, ఆయుధపూజ రోజు మధ్యాహ్నం, ముసురులో తడుస్తూ దుర్గారావు గుమ్మంలోకి వచ్చాడు. గుండెలకి ఒక అట్టపెట్టె హత్తుకుని ఉన్నాడు.

“బావగారూ, ఈ పక్కన గిలకలదిండిలో మా అక్క ఇంట్లో పడుకుని పొద్దున్నే గుడివాడ పోదామని వచ్చానండీ. వాళ్ల ఇల్లు కారుతోంది. ఈ ఒక్క రాత్రికి పెట్టె మీ దగ్గర ఉంచండి. రేపు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లిపోదాం.”

“దానికేం, ఉంచు” అన్నాడు ప్రసాద్. అన్నాక, “చూడొచ్చా?” అన్నాడు.

దుర్గారావు మూత తీశాడు. హరికేన్ విమానం. పొగమసి, ఎండకి వెలిసిన ఆకుపచ్చ, ఉప్పుగాలికి పొలుసు లేచిన పెయింటు. కాక్‌పిట్‌లో పైలట్ తల కొంచెం వంచి మీటలు చూసుకుంటున్నాడు. ప్రసాద్‌కి చూపు తిప్పుకోవడం చేతకాలేదు. తన స్పిట్‌ఫైర్ కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఇదేమో యుద్ధం చేసి వచ్చినట్టుంది. వీడికి ఎలా వచ్చింది ఈ చెయ్యి? ఒళ్లు మండిపోయింది.

అప్పుడే నాగమల్లేశ్వరి కుంకుమ గిన్నెతో వచ్చింది. గాజుల అచ్చు మిషనుకీ, గ్యాసు పొయ్యికీ, స్కూటరుకీ బొట్లు పెట్టి వస్తోంది. “కొత్త విమానం కదా తమ్ముడూ” అంటూ ఉంగరం వేలు రెక్క మీదికి చాపింది.

“వద్దక్కయ్యా!” దుర్గారావు అరిచినంత పని చేశాడు. తర్వాత సిగ్గుపడి, “ఏమనుకోకండి. మా ఇంట్లో దసరాకి బండికి కూడా పసుపేనండీ. కుంకుమ పెట్టం” అన్నాడు.

“అదేం ఆచారం?”

దుర్గారావు గొంతు తగ్గించాడు. “మా తాత పోతయ్య పెట్టిన ఆచారం. యుద్ధం రోజుల్లో ఆయన ఇక్కడెక్కడో విమానాల దగ్గర కూలికి పోయేవాడట. జపాను వాళ్ల విమానాల మీద ఎర్రటి గుండ్రం ఉండేది కదండీ. మనవాళ్లవి కూడా అవే అనుకుని కాలుస్తారని, మన విమానాల మీది గుండ్రాల మధ్యలో ఉన్న ఎరుపు తీసేసి నీలం, లేత నీలం ఉంచారు. ఆ సంగతి మా తాతకేం తెలుసు? దసరా వచ్చింది. ఆయనకి ఆ విమానం నడిపే పైలట్ అంటే ప్రాణం. ఎవరూ చూడకుండా నూనెలో కుంకుమ కలిపి, రెండు రెక్కల మీదా గుండ్రాల నడిమధ్య పెద్ద పెద్ద బొట్లు పెట్టాడట.”

నాగమల్లేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది. “అయ్యో...”

“విమానం సముద్రం మీద తిరిగొస్తోంది. ఒడ్డున మనవాళ్ల ఫిరంగులే... ఎరుపు చూశాయి.” దుర్గారావు మూత పెట్టేశాడు. “బొట్టు పెట్టిన ఉంగరం వేలు ఆయన ఆ సాయంత్రమే కత్తిపీట మీద తెగ్గోసుకున్నాడు. చచ్చేదాకా నాలుగు వేళ్లతోనే వల లాగాడు. ఇది ఆ విమానమేనండీ. లోపల పైలట్ సీటు, ఆయన వలలో పడిన దాని రేకుముక్కతో చేశాను.”

అతను వెళ్లిపోయాక వాన పెరిగింది. సాయంత్రానికే ఇల్లు మసకబారింది, కరెంటు పోయింది. నాగమల్లేశ్వరి పక్కింటికి పేరంటానికి వెళ్లింది. ఇంట్లో ప్రసాద్, చార్జింగ్ లైటు, అట్టపెట్టె మిగిలారు.

ఇంకోసారి చూద్దామనే మూత తీశాడు. అలా అని తనకి తాను చెప్పుకున్నాడు.

రేపూ జడ్జి గోవర్ధనరావు గారే. ఆయనకి ఎరుపు కనబడితే చాలు. ‘ఆ ఏడు, ఈ తీరంలో ఎరుపెక్కడిదయ్యా’ అని పక్కన పెట్టేస్తారు. బ్రష్షుతో పెడితే పని తెలిసిన చెయ్యి అని దుర్గారావు పట్టేస్తాడు. వేలితో పెడితే...? ‘మా ఆవిడ చాదస్తం దుర్గారావ్, నువ్వెళ్లాక నాకు తెలీకుండా పెట్టేసింది’ అనొచ్చు. ఆవిడ నాలుగు తిట్లు తింటుంది. పోనీ, తిననీ.

తుడిచినా మరక పోకూడదని గిన్నెలో నూనె చుక్క వేసి కుంకుమ కలిపాడు. ఉంగరం వేలి కొనతో ఎడమ రెక్క గుండ్రం మధ్యలో అద్దాడు. తర్వాత కుడి రెక్క. ఏడాదిగా కడుపులో ఉన్న మంట కాస్త చల్లారింది. నవ్వు కూడా వచ్చింది.

వేలు చల్లబడింది.

తుడుచుకుంటే పోయే చలి కాదు. మంచినీళ్ల కుండలో ముంచినట్టు, ఆ ఒక్క వేలే. నలిపి చూసుకున్నాడు. స్పర్శ తెలియలేదు.

అప్పుడు వాసన వచ్చింది. ముందు ఉప్పునీటి వాసన. దాని వెనకే పెట్రోలు. ఆ వెనక, కాలిన నూనె వాసన. చిలకలపూడి వీధిలో వాన వాసన ఇలా ఉండదు.

పెట్టె అడుగు నుంచి చుక్కలు పడుతున్నాయి. టప్... టప్... కప్పు వైపు చూశాడు. కారడం లేదు. చుక్క నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పన.

ఇంట్లో గాలి లేదు. విమానం ముందున్న ఫ్యాను రెక్కలు మెల్లగా కదిలాయి. ఒక చుట్టు... ఇంకో చుట్టు...

పైలట్ తల ఎత్తి ఉన్నాడు.

ఇందాక వంచి ఉన్న తల. జిగురుతో అతికించిన తల. ఇప్పుడు పక్కకి తిరిగి, రెక్క మీద ఎరుపుని చూస్తున్నాడు. చూస్తూ... చూస్తూ... ప్రసాద్ వైపు తిరిగాడు.

“లేదు... తుడిచేస్తాను...” గుసగుసగా అన్నాడు ప్రసాద్. పంచె అంచుతో తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. బొట్టు పెద్దదైంది.

దూరంగా, సముద్రం వైపు నుంచి, ఇంజను మోత. వానలో మునిగి తేలుతూ వస్తోంది. దగ్గరికి... ఇంకా దగ్గరికి... ఇంటి కప్పు మీదికి వచ్చేసింది. రేకుల మీద టకటకటకమని మోగింది. లైటు ఆరిపోయింది.

చీకట్లో వెనక ఎవరో నిలబడ్డారు. తడిబట్టల నీళ్లు నేల మీద కారుతున్న చప్పుడు. వీపు మీద ఏదో ఆనింది. చల్లగా. మెత్తగా. పసివాణ్ణి నిద్రపుచ్చేటప్పుడు వేసినట్టు, ఒక్కసారి తట్టింది.

“ఏవండీ!” తలుపు దబదబా బాదింది నాగమల్లేశ్వరి. “తలుపు తియ్యరేం? ఆ చప్పుడేంటి?”

కరెంటు వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. పైలట్ తల వంచి బుద్ధిగా మీటలు చూసుకుంటున్నాడు. రెండు గుండ్రాలూ నీలంగా, శుభ్రంగా ఉన్నాయి. ఎరుపు జాడ కూడా లేదు.

“ఏం లేదు. వాన” అన్నాడు ప్రసాద్. ఆమె నమ్మకుండానే వంటింట్లోకి వెళ్లింది. భయం కాస్త నెమ్మదించగానే అతనికి మళ్లీ పాత ఏడుపే పట్టుకుంది. అయ్యో, మచ్చ కూడా మిగల్లేదే, రేపు మళ్లీ వీడిదే కదా ఫస్టు, అని. ఆ రాత్రి నిద్రపట్టనిది దానికే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

తెల్లారేసరికి వాన వెలిసి ఆకాశం కడిగినట్టుంది. తలంటుకుని, దసరాకని కొన్న తెల్ల చొక్కా మడత విప్పి వేసుకున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఉంగరం వేలికి ఇంకా స్పర్శ రాలేదు.

బస్టాండులో దుర్గారావు నవ్వుతూ ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. మూత ఎత్తి చూసుకుని, “చాలా థాంక్సండీ బావగారూ, కళ్లలో పెట్టుకుని చూశారు” అన్నాడు. గుడివాడ బస్సు వచ్చింది. స్పిట్‌ఫైర్ పెట్టె చంకలో పెట్టుకుని ప్రసాద్ ముందు ఎక్కాడు. వెనకే ఎక్కబోయిన దుర్గారావు మెట్టు మీదే ఆగిపోయాడు.

“బావగారూ...” వెనక నుంచి పిలిచాడతను. “మీ వీపు మీద ఆ చెయ్యి ఎవరిది?”

“ఏ చెయ్యి?”

“కుంకుమ చెయ్యి. తడిగా ఉంది.” దుర్గారావు పెట్టెని గుండెలకి హత్తుకుని ఒక మెట్టు వెనక్కి దిగాడు. “ఉంగరం వేలు లేదండీ దానికి.”

ప్రసాద్ వెనక్కి తిరిగి చూసుకోబోయాడు. సముద్రం వైపు నుంచి ఇంజను మోత వినిపించింది. ఈసారి బస్సులో వాళ్లందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి పైకి చూశారు. ఆకాశంలో ఏమీ లేదు.