ఇన్నయ్య కట్ట

పొద్దు గూకాక ఇన్నయ్య కట్ట మీద అడుగుపెట్టే మనిషి మా ఊళ్లో లేడు. రాళ్ల కింద ఎవరో దగ్గుతారని... నీళ్లలో ఎవరో కదులుతారని... అదెట్టా మొదలైందో మా రత్తమ్మత్త చెప్పేది.

సాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. దుర్గికి ఇవతల మా జెర్రివాగు ఒట్టి ఇసక. వానొస్తే చేలు కోసుకుపోయేవి, ఎండొస్తే పిట్టకి కూడా నీళ్లు దొరికేవి కావు. ఆ వాగును మళ్లీ బతికిస్తామని సర్కారోళ్లు వచ్చారు. గండ్లు పూడ్పించారు, ఒడ్ల వెంట కానుగ, తుమ్మ నాటించారు, అడ్డంగా రాతికట్ట లేపారు. ఊరంతా కూలికెళ్లింది. ఇన్నయ్యా, ఆయన భార్య దయామణీ కూడా.

కట్ట పూర్తయిన రాత్రి ఇన్నయ్య కనపడకుండా పోయాడు.

కట్ట నిలవాలని బలిచ్చారంట... ఎవరు పుట్టించారో ఆ మాట! ఊరు నమ్మింది. దయామణీ నమ్మింది.

కట్ట నిలిచింది. నడి వేసవిలోనూ నీళ్లు. కొంగలొచ్చాయి, చేపలొచ్చాయి. దయామణి మాత్రం ఆ నీళ్లు ముట్టలేదు.

"మా ఆయన పడుకున్న నీళ్లు వదినా... గొంతు దిగవు" అని రత్తమ్మత్తతో చెప్పి పొలిమేర బావికి పోయేది. మళ్లీ పెళ్లి చేసుకోమని పాస్టరుగారు చెప్పినా వినలేదు.

కొన్నేళ్లకి ఒక సందెవేళ రత్తమ్మత్త రొప్పుకుంటా వచ్చింది.

"ఏమే దయామణీ... కట్ట కాడ దగ్గు ఇన్నానే. ఇన్నయ్య దగ్గే!"

దయామణి లాంతరు అందుకుంది. ఇద్దరూ వెళ్లారు. అత్త తుమ్మచెట్ల దగ్గరే ఆగిపోయింది. దయామణి కట్ట ఎక్కి, రాళ్ల మీదకి వంగింది.

"ఏమయ్యా... ఎక్కడున్నావో చెప్పు. తవ్వించి సమాధి కట్టిస్తా..."

నీళ్లు కదిలాయి.

"నాన్నా... దెయ్యం!" — చిన్నపిల్ల కేక.

"దెయ్యం కాదులేమ్మా. ఎవరో."

ఆ గొంతు!

దయామణి లాంతరెత్తింది. మోకాటి లోతు నీళ్లలో ఇన్నయ్య. ఒళ్లు చేశాడు. భుజాన వల, చంకలో ఆడపిల్ల.

"బతికే... ఉన్నావా?"

ఇన్నయ్య తల దించుకున్నాడు. "ఆ రాత్రే సాగర్ పనికి పోయా. అక్కడ ఒకామెని కట్టుకున్నా. ఈ ఏడే దుర్గికొచ్చాం. నన్ను బలిచ్చారనుకుంటన్నారని తెలిసింది... నీకూ అదే మేల్లే అనుకున్నా."

"మేలా?"

ఇన్నయ్య భుజాన వల సర్దుకున్నాడు.

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"చేపలకి. భయపడి ఎవరూ రారు గదా..."

దయామణి ఏడవలేదు, తిట్టలేదు. పిల్ల వణుకుతుంటే లాంతరు పక్కకి తిప్పి, కట్ట దిగొచ్చేసింది. తుమ్మచెట్ల దగ్గర అత్త చెయ్యి పట్టుకుని ఊరి దారి పట్టింది. ఆమె చెయ్యి మంచులా ఉందని అత్త చెప్పేది.

దగ్గు సంగతి తెలిసి ఊరి మొదట్లో జనం కర్రలు పట్టుకుని నిలబడున్నారు.

"ఇన్నయ్యేనా?"

అత్త నోరు తెరవబోయింది. దయామణి ఆమె మణికట్టు గట్టిగా నొక్కింది.

"ఇన్నయ్య చచ్చిపోయాడు. అక్కడ ఎవడో చేపలు పట్టుకుంటన్నాడు. పొయ్యి చూసుకోండి."

ఒక్కరూ కదల్లేదు.